మూడో ప్రయత్నం

జయకృష్ణ టైపు చేయించి తెచ్చిన ఒప్పుకోలు కాగితాన్ని బల్ల మీద పెట్టి, పక్కనే పెన్ను కూడా పెట్టాడు. అప్పుడు టైము పన్నెండు నలభై.

"చదువుకుని సంతకం పెట్టమ్మా. ఇది సాయంత్రం ఐదులోపు కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్‌కి చేరితే శ్రీదుర్గ సీటు దక్కుతుంది. చేరకపోతే ఆ అమ్మాయికి ఏడాది పోతుంది, నీకు కేసు మిగులుతుంది."

కుర్చీలో ముడుచుకుని కూర్చున్న సుస్మిత కాగితం వంక చూడలేదు. ఎదురుగా నిలబడ్డ శ్రీదుర్గ వంకే చూస్తోంది. శ్రీదుర్గ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"నా ఆఫీసుకొచ్చి, నా క్లయింటు చేత, నన్నడక్కుండా సంతకం పెట్టిస్తావా జయకృష్ణా?" అంది నాగమల్లేశ్వరి.

గొంతు పెంచలేదు. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి. ఉద్యోగం మానేశాక గవర్నర్‌పేటలో ఓ స్టేషనరీ హోల్‌సేల్ షాపు మేడ మీద గది తీసుకుని డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. జయకృష్ణ ఆమె దగ్గరే రెండేళ్లు పని నేర్చుకుని, పక్క వీధిలో అద్దాల తలుపులతో సొంత ఏజెన్సీ పెట్టాడు. శ్రీదుర్గ తండ్రి రత్తయ్య నిన్న సాయంత్రం అతన్ని కుదుర్చుకున్నాడు. ఇవాళ పొద్దున్నే కొండపల్లి నుంచి బస్సెక్కి వచ్చిన సుస్మిత, నాగమల్లేశ్వరిని కుదుర్చుకుంది.

"అడగడానికి టైమెక్కడుంది మేడమ్? సాక్ష్యాలు మూడున్నాయి."

"చెప్పు."

"ఇద్దరికీ కావాల్సింది గన్నవరంలో పశువైద్యం సీటే. ఉన్నవి కాసిని సీట్లు. శ్రీదుర్గ ర్యాంకు ఈ అమ్మాయి కన్నా ఆరు స్థానాలు ముందుంది. అది ఒకటి. శ్రీదుర్గ పాస్‌వర్డ్ తెలిసిన బయటి మనిషి ఈ అమ్మాయి ఒక్కతే. అది రెండు. నిన్న పొద్దున పదిన్నర తర్వాత ఎవరో శ్రీదుర్గ అకౌంట్లోకి వెళ్లి ఫోన్ నంబరు మార్చేశారు, ఆప్షన్లన్నీ చెరిపేసి ఎక్కడో దూరపు కాలేజీ ఒక్కటే ఉంచి, మళ్లీ మార్చే వీల్లేకుండా ఫ్రీజ్ కొట్టేశారు. అది చేసింది విజయవాడ నెట్ కనెక్షన్ నుంచి. ఆ టైములో సుస్మిత విజయవాడలోనే ఉంది. మూడు."

"బ్యాగు కొనుక్కోడానికి వచ్చానండీ," అంది సుస్మిత. "ఒక్కదాన్నే."

"అదే మరి. చూసినవాళ్లు లేరు."

రత్తయ్య తలుపు దగ్గరే నిలబడిపోయాడు. మైలవరం దగ్గర పల్లెలో పాడి మీద బతికే మనిషి. తెల్లవారుజామున పాలు పోసి, చొక్కా మార్చుకోకుండానే వచ్చాడు. "ఆ పిల్ల మా ఇంట్లో అన్నం తిన్న పిల్లండీ," అన్నాడు నెమ్మదిగా. "నాకైతే మనసొప్పటంలా."

"లాగిన్ చరిత్ర తెచ్చావుగా, అదిటివ్వు," అంది నాగమల్లేశ్వరి.

హెల్ప్‌లైన్ అధికారి శాలిని పంపిన ఒక్క పేజీ అది. నాగమల్లేశ్వరి క్యాలెండర్ కాగితం చింపి, వెనక వైపు పెన్సిల్‌తో మూడు టైములు రాసుకుంది. 10:38. 10:39. 10:41.

"మొదటి రెండూ ఫెయిల్. మూడోది పాస్. ఇది చూశావా?"

"చూశాను. కంగారులో తప్పు కొట్టుంటుంది."

ఆమె రెండు చిన్న చీటీలు చింపి, ఇద్దరమ్మాయిలకీ చెరొకటి ఇచ్చింది. "శ్రీదుర్గ అకౌంటు పాస్‌వర్డ్ రాయండి. ఒకరిది ఒకరు చూడొద్దు."

ఇద్దరూ అయిదారు సెకన్లలో రాసేశారు. రెండు చీటీల మీదా ఒకటే ఉంది. ఇంగ్లిషులో గౌరి, పక్కన @ గుర్తు, ఆ తర్వాత 25.

"గౌరి ఎవరు?"

"మా గేదె దూడండీ," అన్నాడు రత్తయ్య. "పుట్టిన రోజే కాలు విరిగింది. డాక్టరు అందుబాట్లో లేడు. ఈ పిల్లే వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టింది. ఇప్పుడది కుంటకుండా మేతకి పోతంది. అప్పట్నుంచీ పశువుల డాక్టరవుతానని పట్టు పట్టింది."

"అదెప్పుడు?"

"నేను ఇంటర్లో చేరిన ఏడాది," అంది శ్రీదుర్గ. ఆ గదిలోకొచ్చాక ఆ అమ్మాయి నోరు విప్పడం అదే మొదలు. "రెండువేల ఇరవై మూడు."

"అప్పుడు నీ పాస్‌వర్డ్?"

"గౌరి ఇరవై మూడు. ఏటేటా నంబరు మార్చుకుంటా వచ్చాను."

"ఆ ఇరవై మూడు ఎక్కడ వాడావు?"

"ర్యాంక్‌మిత్ర అని మాక్ టెస్టుల యాప్ ఉండేదండీ. మా బ్యాచంతా అందులోనే రాసేవాళ్లం. పోయినేడాది మూసేశారు."

నాగమల్లేశ్వరి క్యాలెండర్ కాగితం తిప్పి జయకృష్ణ ముందుకు తోసింది. మూడు టైముల పక్కనా మూడు అంకెలు వేసి ఉన్నాయి. 23. 24. 25.

"ఇరవై మూడు కొట్టాడు, తెరుచుకోలేదు. వెంటనే ఇరవై నాలుగు కొట్టాడు, అదీ కాలేదు. రెండు నిమిషాలు ఆగాడు. ఆలోచించి ఇరవై ఐదు కొట్టాడు. సుస్మితకి ఇరవై ఐదు నోటికొచ్చు. మెట్టు మెట్టూ ఎక్కాల్సిన అవసరం ఎవరికుంటుంది? పాతది మాత్రమే తెలిసినవాడికి."

శ్రీదుర్గ కిటికీ వదిలి సుస్మిత వైపు తిరిగింది.

"బాగుంది మేడమ్. కానీ ఇది ఊహ," అన్నాడు జయకృష్ణ. "ఊహలు పంపిస్తే శాలినిగారు అకౌంటు తెరవరు."

"అందుకే రుజువు నువ్వు తేవాలి. మూతపడ్డ యాప్‌ల యూజర్ల జాబితాలు ఏయే గ్రూపుల్లో తిరుగుతుంటాయో నాకన్నా నీకు బాగా తెలుసు."

"నన్ను పెట్టుకుంది వీళ్లు. మీ క్లయింటుని నిర్దోషి అని నిరూపించడానికి కాదు."

"మిమ్మల్ని నేను పెట్టుకుంది నిజం తెలుసుకోడానికే గదండీ," అన్నాడు రత్తయ్య. "ఎతకండి బాబూ."

జయకృష్ణ మొహం ఎర్రబడింది. ల్యాప్‌టాప్ తెరిచాడు.

అతనికి ముప్పావు గంట పట్టింది. ఒకటి యాభైకి స్క్రీన్ ఇటు తిప్పాడు. దాదాపు నలభై వేల వరసలున్న ఫైలు. పేరు, ఫోన్ నంబరు, మెయిల్, పాస్‌వర్డ్. ఎవరో దొంగిలించి పెడితే, ఎవరు పడితే వాళ్లు దించుకుంటున్నారు.

"ఈ రెండు పేర్లూ వెతికి మూసెయ్," అంది నాగమల్లేశ్వరి. "ఇంకెవరిదీ చూడకు. అవి మనవి కావు."

శ్రీదుర్గ పేరు దొరికింది. గౌరి, ఇరవై మూడు.

జయకృష్ణ చాలాసేపు ఆ వరస వంకే చూశాడు. తర్వాత రెండో పేరు కొట్టాడు. సుస్మిత వరసా దొరికింది. అది చూసి ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"ఏమ్మా?"

"అదే... ఇప్పటికీ అదేనండీ. అన్నింటికీ. నేను నంబరు కూడా మార్చలేదు."

"ఇప్పుడే మార్చు. ఎవరూ ఊహించలేనిది పెట్టుకో. దూడ పేరూ వద్దు, పుట్టిన రోజూ వద్దు. మెయిల్‌కి వేరేది, దీనికి వేరేది."

సుస్మిత గోడ వైపు తిరిగి కూర్చుని ఫోన్లో రెండూ మార్చుకుంది. నాగమల్లేశ్వరి ఈలోగా పెన్సిల్‌తో క్యాలెండర్ కాగితం మీద ఏదో కొట్టేసి మళ్లీ రాస్తోంది.

"నలభై వేలమందిలో నిన్నే ఎందుకు పట్టుకున్నాడు శ్రీదుర్గా? అదీ నిన్న పొద్దునే ఎందుకు? ఐదింటి దాకా ఇవాళ గడువుందిగా."

"నిన్న మధ్యాహ్నం వెళ్లి ఫ్రీజ్ చేసుకుందామనుకున్నానండీ. ఫ్రీజ్ చేస్తే ఇంకెవరూ కదపలేరు."

"ఆ సంగతి ఎవరికి తెలుసు?"

"నాన్నకి, సుస్మితకి..." శ్రీదుర్గ కళ్లు చిట్లించింది. "అక్షరసేతు సెంటర్లో సిద్ధార్థగారికి. మొన్న ఆప్షన్లు పెట్టుకుని వచ్చేటప్పుడు చెప్పాను, రేపు మధ్యాహ్నం వస్తానని."

*

అక్షరసేతు కౌన్సెలింగ్ సేవా కేంద్రం రెండు వీధుల అవతల, ఓ లాడ్జి కింద ఉంది. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, వచ్చినవాళ్లకి ప్లాస్టిక్ కుర్చీలు. పాస్‌వర్డ్ ఎవరిది వాళ్లే కొట్టుకోవాలని గోడ మీద పెద్దక్షరాలతో బోర్డు. వాళ్లు లోపలికి వెళ్లేసరికి రెండు ముప్పై ఐదు. యజమాని ఊళ్లో లేడు. సిద్ధార్థ ఒక్కడే ఉన్నాడు. పాతికేళ్ల కుర్రాడు, ఇస్త్రీ చొక్కా, మర్యాదస్తుడు.

"అయ్యో, శ్రీదుర్గగారికి ఇలా జరిగిందా? నాకిప్పుడే తెలుస్తోందండీ," అన్నాడు.

"నిన్న పది, పదకొండు మధ్య ఎక్కడున్నావు బాబూ?" అంది నాగమల్లేశ్వరి.

"ఇక్కడేనండీ. కానీ పదింటి నుంచి పదకొండింటి దాకా కరెంటు లేదు. ఒక్క సిస్టమ్ కూడా పనిచేయలేదు. పక్క షాపులో అడగండి."

"అడిగే వచ్చాం. నిజమే, లేదట."

సిద్ధార్థ భుజాలు కాస్త కిందికి దిగాయి. ఆమె వంగి, బల్ల కింద చూసింది. నెట్ పెట్టె పచ్చ దీపంతో మెరుస్తోంది. దాని వైరు గోడలోకి వెళ్లలేదు. పక్కనున్న చిన్న బ్యాటరీలోకి వెళ్లింది.

"కరెంటు పోయినా దీనికి పోదన్నమాట."

"అది... కస్టమర్లు ఫోన్లలో చూసుకుంటారని పెట్టించారండీ."

"ఫోన్లోంచి లాగిన్ అవ్వొచ్చుగా?"

"ఎవరైనా అవ్వొచ్చండీ. వైఫై పాస్‌వర్డ్ గోడ మీదే ఉంది."

జవాబు తడుముకోకుండా వచ్చింది. జయకృష్ణ నాగమల్లేశ్వరి చెవి దగ్గరికి వంగాడు. "దొరకడు మేడమ్. అన్నింటికీ సమాధానం రెడీగా ఉంది. రెండు ముప్పావు అయింది. ఈ టైములో నేనైతే హెల్ప్‌లైన్ ముందు కూర్చుంటాను."

"చేతిలో ఏం పట్టుకుని కూర్చుంటావు?" అని ఆమె సుస్మితని ముందుకు పిలిచింది. "ఈ అమ్మాయి ఆప్షన్ల కాపీ ఒకటి తీసివ్వు బాబూ. దగ్గర పెట్టుకుంటుంది."

సుస్మిత కొత్త పాస్‌వర్డ్ కొట్టింది. సిద్ధార్థ ప్రింట్ నొక్కి, ట్రేలోంచి వచ్చిన కాగితాన్ని అందించాడు. ఖర్చు తగ్గుతుందని అక్కడ ఒకవైపు వాడేసిన కాగితాల మీదే కాపీలు తీసిస్తారు. ట్రే నిండా అవే.

నాగమల్లేశ్వరి ఆ కాగితం వెనక్కి తిప్పింది.

పదకొండు పేర్లు. పేరు పక్కన ర్యాంకు, ర్యాంకు పక్కన ర్యాంక్‌మిత్ర పాస్‌వర్డ్, చివర ఒక టైము. మొదటి వరసలో శ్రీదుర్గ, పెన్నుతో టిక్కు. మిగతా పదిమందికీ టిక్కుల్లేవు. వాళ్ల టైములు ఇవాళ సాయంత్రం నాలుగున్నర నుంచి మూడేసి నిమిషాల ఎడంతో ఉన్నాయి. నాలుగో వరస చూసి ఆమె కాగితాన్ని శ్రీదుర్గ చేతికిచ్చింది.

"చదువమ్మా."

శ్రీదుర్గ వేలు పెట్టి చదివింది. "సుస్మిత. నాలుగు ముప్పై ఆరు."

సిద్ధార్థ కుర్చీలోంచి లేచాడు. "ఒక్క నిమిషం, మీకు కాఫీ చెప్పొస్తాను."

జయకృష్ణ అప్పటికే తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "ఫోన్ చేసి చెప్పు. నాకు చక్కెర తక్కువ."

సిద్ధార్థ మళ్లీ కూర్చున్నాడు. మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"ఎవరిచ్చారు ఈ షీటు?" అంది నాగమల్లేశ్వరి.

"ఫోన్‌కి పంపించారు. ప్రింటు తీసుకుంటే పాత కాగితాల్లో కలిసిపోయింది. మనిషిని చూళ్లేదు. నిజంగానండీ."

"ఎందుకు?"

"ఈ పదకొండుమందీ పక్కపక్క ర్యాంకులు. వీళ్లు తప్పుకుంటే సీట్లు కిందికి దిగుతాయి. కింద ఎవరికో మాటిచ్చారట. నాకు పర్మనెంటు ఉద్యోగం ఇప్పిస్తామన్నారు. శ్రీదుర్గగారు ముందే ఫ్రీజ్ చేసుకుంటారని నేను చెబితే, ఆవిడది ముందు చేసెయ్యమన్నారు. మిగతావి ఆఖరి అరగంటలో చేస్తే సరిచేసుకోడానికి టైముండదని..."

"నువ్వు దొరికిపోయావుగా. ఇక ఆగినట్టే కదా?" అన్నాడు జయకృష్ణ.

"ఆగదు సార్. నాలుగుంపావుకి నేను రెడీ అని మెసేజ్ పెట్టాలి. పెట్టకపోతే వాళ్లే చేసేస్తారు. షీటు వాళ్ల దగ్గరా ఉంది."

"అయితే పెట్టిద్దాం, రెడీ అని."

"వద్దు. ఇతని మీద పదిమంది సీట్లు వదలను," అంది నాగమల్లేశ్వరి. "షీటు ఫోటో శాలినిగారికి పంపు. పోలీసులకి కబురు చెయ్యి. మిగతా తొమ్మిదిమందికీ ఫోన్లు చేద్దాం."

జయకృష్ణ ఫోటో తీశాడు. మెయిల్ రాస్తూ తల ఎత్తకుండానే అన్నాడు: "మీ పేరు మీదే పంపిస్తున్నా మేడమ్. పట్టింది మీరు." తర్వాత జేబులోంచి టైపు కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసి, సుస్మిత వైపు తిరిగాడు. "తప్పు నాదమ్మా."

*

మూడుంపావు నుంచి ఇద్దరమ్మాయిలూ చెరో ఫోనూ పట్టుకున్నారు. షీటులో నంబర్లు లేవు. బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో వెతికి పట్టుకోవాలి. అవతలివాళ్లు నమ్మాలి.

"ఓటీపీ అడగట్లేదండీ, ఏమీ అడగట్లేదు. మీ పాస్‌వర్డ్ నాకు చెప్పొద్దు కూడా. మీరే మార్చుకోండి, ఫ్రీజ్ చేసుకోండి, అంతే!" శ్రీదుర్గ గొంతు బొంగురుపోతోంది.

గుడివాడ అమ్మాయి రెండు నిమిషాల్లో మార్చుకుంది. ఉయ్యూరు అబ్బాయి ఇదేదో మోసమని రెండుసార్లు ఫోన్ పెట్టేశాడు. మూడోసారి సుస్మిత, "నా పేరు కూడా ఆ లిస్టులో ఉందిరా బాబూ!" అని అరిస్తే విన్నాడు. నాలుగు ఐదుకి ఎనిమిదిమంది అయ్యారు. తొమ్మిదోవాడు అంతోని. నాగాయలంక, చేపల పడవలున్న ఇల్లు. ఫోన్ స్విచాఫ్. షీటులో అతని టైము నాలుగున్నర, అందరికన్నా ముందు.

"నాగాయలంకా?" రత్తయ్య ముందుకొచ్చాడు. "మా పాల వ్యాను డ్రైవరు రాంబాబు అత్తారూరు అదేనండీ. ఉండండి."

రాంబాబు బావమరిదికి చేశాడు. బావమరిది సైకిలేసుకుని రేవుకి పోయాడు. నాలుగు ఇరవై మూడుకి తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. వెనక పడవ ఇంజన్ల చప్పుడు.

"అంతోనినండీ. నాన్నతో వల దింపుతున్నా. ఛార్జింగు లేదు. ఏంటండీ, ఏమైంది?"

సుస్మిత చెప్పింది. అంతోని ఎవరి ఫోన్లోంచో మెయిల్లోకీ, అకౌంట్లోకీ లాగిన్ అయి, పాస్‌వర్డ్ మార్చి, నాలుగు ఇరవై తొమ్మిదికి "అయిందండీ" అన్నాడు. లైను కట్ చేయలేదు. నాలుగు ముప్పై ఒకటికి అతని గొంతు మారిపోయింది.

"ఇప్పుడే మెయిలొచ్చిందండీ. నా అకౌంటు తెరవాలని ఎవరో ప్రయత్నించారట. ఫెయిలట!"

అందరూ సిద్ధార్థ వంక చూశారు. అతని చేతులు బల్ల మీదే ఉన్నాయి, ఫోన్ జయకృష్ణ జేబులో ఉంది. అతను చెప్పింది నిజమే. అవతల ఎవరో ఉన్నారు.

నాలుగు ముప్పై ఆరుకి సుస్మిత ఫోన్ కూడా మోగింది. విఫల ప్రయత్నం. మూడు నిమిషాల తర్వాత గుడివాడ అమ్మాయికి. ప్రతి మెసేజికీ నాగమల్లేశ్వరి కాగితం మీద ఒక గీత గీస్తూ పోయింది.

నాలుగు నలభై నాలుగుకి శాలిని ఫోన్ చేసింది. "మీ షీటు మా కమిటీ చూసింది మేడమ్. శ్రీదుర్గ పాత నంబరు తిరిగి ఎక్కించాం. ఫ్రీజ్ తీసేశాం. ఐదుకి సైట్ మూసుకుంటుంది. ఇక మీ అమ్మాయి చేతిలో ఉంది."

శ్రీదుర్గ కంప్యూటర్ ముందు కూర్చుంది. సుస్మిత పక్కనే నిలబడి, మొహం గోడకి తిప్పుకుంది.

"కొత్తది పెట్టుకోవే. నేను చూడను."

"గౌరి మాత్రం కాదులే ఈసారి," అంది శ్రీదుర్గ. ఆ రోజుకి మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నిన్ను ఒక్క మాట అడక్కుండా వాళ్లతో కలిసి వచ్చేశానే. నేను..."

"ముందు కొట్టు. గన్నవరంలో చేరాక తీరిగ్గా తిడతాను."

నాలుగు యాభై మూడుకి మొదటి ఆప్షన్ గన్నవరం అని తెర మీద కనిపించింది. ఫ్రీజ్ నొక్కింది. రత్తయ్య చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఎందుకు విడిచాడో ఆయనకే తెలియదు. సుస్మిత తల మీద చెయ్యి వేసి, "రేపు ఇంటికి రామ్మా, అన్నానికి," అన్నాడు.

పోలీసులు వచ్చి సిద్ధార్థని తీసుకెళ్లేసరికి ఐదూ పది. స్టేషన్లో ఇవ్వాల్సిన షీటుని కవరులో పెట్టబోతూ నాగమల్లేశ్వరి ఆగిపోయింది. కాగితం అడుగున, ప్రింటరు సగం మింగేసిన సన్నటి వరస ఒకటి ఉంది. ట్యూబులైటు కిందికి పట్టుకెళ్లి చదివింది.

"జయకృష్ణా, ఇటు రా."

అతను ఆమె భుజం మీదుగా చూశాడు. ఉమ్మడి కృష్ణా జిల్లా, పశువైద్యం. పేజీ 3, మొత్తం పేజీలు 14.

"అంటే..." జయకృష్ణ ఆ అంకెల మీద వేలు పెట్టాడు. "ఇంకా పదమూడు ఉన్నాయి. ఇంకా ఏయే జిల్లాలో, ఏయే కోర్సులో."

నాగమల్లేశ్వరి శాలినికి ఫోన్ కలిపింది. "ఒకటి చెప్పండమ్మా. ఇవాళ్టిది కాక, తర్వాత మూసుకునే కౌన్సెలింగ్ ఏది?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "నర్సింగ్, మేడమ్. రేపు పొద్దున పదకొండింటికి. ఎందుకు... ఒక్క నిమిషం." శాలిని గొంతు తగ్గింది. "అకౌంటు తెరుచుకోవట్లేదని గంట నుంచి మూడు ఫిర్యాదులొచ్చాయి. మూడూ గుంటూరు నుంచే."

ఫోన్ స్పీకర్లోనే ఉంది. సుస్మిత, శ్రీదుర్గ ఒకరినొకరు చూసుకున్నారు. శ్రీదుర్గ కుర్చీ లాక్కుని మళ్లీ కూర్చుంది.

"మా సీనియర్ అక్కలు గుంటూరు నర్సింగ్ గ్రూపుల్లో ఉన్నారు మేడమ్," అంది. "ఫోన్లో సగం ఛార్జింగ్ ఉంది. మొదలెట్టమంటారా?"